బుజ్జి బొమ్మ కోసం: పెంపుడు జంతువుల చిత్తరువుల చరిత్ర నుంచి కొన్ని పుటలు

పోయిన చలికాలంలో మా ఇంటి కుక్క బుజ్జి చనిపోయింది. పదమూడేళ్ళు మాతో ఉంది. అమ్మాయి వేరే రాష్ట్రంలో చదువుకుంటూ ఉండటం వల్ల చివరి రోజుకు రాలేకపోయింది. ఆ లోటు ఎలాగూ తీరదు కాబట్టి, కనీసం బుజ్జి బొమ్మను చేత్తో గీయించి ఆమె పుట్టినరోజుకు ఇద్దామని నేనూ నా భార్యా అనుకున్నాం. ఫోటో పంపితే వారం తిరక్కుండా పెన్సిలు బొమ్మ గీసి ఇంటికి పంపే వ్యాపారాలు ఇప్పుడు అంతర్జాలం నిండా ఉన్నాయి. ఒకచోట డబ్బు కట్టి, చేతికందిన ఫోటో ఒకటి పంపాను. బొమ్మ వచ్చింది. చక్కగానే ఉంది, వెంట్రుక వెంట్రుకా గీశారు. అమ్మాయి దాన్ని చాలాసేపు చూసి, "నాన్నా, ఇది బీగిల్. బుజ్జి కాదు" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. వైద్యుడిగా నా రోజంతా ఇటువంటి తర్జుమాలోనే గడుస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషి నా రాతలోకి వచ్చేసరికి "యాభై ఎనిమిదేళ్ళ పురుషుడు, మధుమేహం, రక్తపోటు" అవుతాడు. ఆ రాతలో తప్పేమీ ఉండదు. ఆయన భార్య చదివితే మాత్రం, ఈయనెవరో నాకు తెలియదు అంటుంది.

రెండోసారి మా ఊళ్ళోనే ఉన్న ఒక చిత్రకారిణిని వెతికి పట్టుకున్నాం. ఆవిడ డబ్బు కంటే ముందు ప్రశ్నలు పంపింది. ఏ చెవి ఎక్కువ వాలి ఉండేది? కళ్ళ చుట్టూ ఉన్న నలుపు పుట్టుకతో వచ్చిందా, వయసుతో వచ్చిందా? పిలిస్తే తల ఎటు వంచేది? పగటి వెలుగులో, దాని కళ్ళ ఎత్తు నుంచి తీసిన ఫోటోలు ఉన్నాయా? ఫోనులో బుజ్జి ఫోటోలు వందల కొద్దీ ఉన్నాయి. నేను తీసినవన్నీ నిలబడి, పైనుంచి తీసినవే. పదమూడేళ్ళలో ఒక్కసారైనా దాని ఎత్తుకు వంగి నేను కెమెరా పట్టుకోలేదు. చెవి సంగతీ చెప్పలేకపోయాను. అలా సమాధానాలు దొరక్క, ఇంతకు ముందు తమ జంతువులకు బొమ్మలు వేయించుకున్నవాళ్ళు ఏమి అడిగారో, వాళ్ళకేమి దక్కిందో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

మనకు దగ్గరి ఉదాహరణతో మొదలుపెడతాను. కర్ణాటకలో మండ్య దగ్గర ఆతకూరు అనే ఊరుంది. అక్కడ దొరికిన 949-50 నాటి కన్నడ శాసనం ఒక కుక్క స్మారకం. రాష్ట్రకూట మూడవ కృష్ణుడి పక్షాన గంగరాజు బూతుగుడు తక్కోలం దగ్గర చోళులతో పోరాడి, చోళ యువరాజు రాజాదిత్యుణ్ణి చంపిన కాలమది. ఆ యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేరుడనే యోధుణ్ణి ఏం కావాలో కోరుకొమ్మని ప్రభువు అడిగితే, అతడు 'కాళి' అనే వేటకుక్కను ఇమ్మన్నాడు. తరవాత ఆ కాళి ఒక అడవిపందితో తలపడింది. రెండూ చచ్చిపోయాయి. మణలేరుడు గుడి ముందు రాయి నిలిపి, పూజకు భూమి ఇచ్చాడు. పూజ చెయ్యకుండా అన్నం తిన్న పూజారికి ఆ కుక్క చేసిన పాపం అంటుతుందని రాయించాడు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. పైన కుక్కా పందీ పెనుగులాడుతున్న శిల్పం, చుట్టూ అక్షరాలు.

ఆ శిల్పంలోని కుక్కకు పేరు తీసేస్తే అది ఏ వేటకుక్కైనా కావచ్చు. శిల్పి చెక్కింది సాహసాన్ని. కాళి చెవి ఎలా వాలేదన్నది అతడి పని కాదు. అది కాళి అని మనకు చెప్పేది అక్షరాలే. వీరగల్లుల సంప్రదాయం అంతా ఇంతే. వీరుడి ముఖం ఎవరిదైనా ఒకటే, పేరు మాత్రం అతడిది. పోలిక కావాలన్న కోరిక అప్పటికి పుట్టలేదనుకోను. దాన్ని తీర్చే బాధ్యత అక్షరాల మీద పెట్టారంతే.

పోలికను కళ్ళతో పట్టుకోవాలన్న పట్టుదల మన ఉపఖండంలో బాగా కనిపించేది జహంగీరు దగ్గర. 1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి కొన్ని వింత జంతువులను, పక్షులను తెచ్చాడు. వాటిలో టర్కీ కోడి ఒకటి. జహంగీరు తన ఆత్మకథలో దాని వర్ణన రాస్తూ, ముత్తాత బాబరు జంతువుల గురించి రాశాడే గాని చిత్రకారుల చేత గీయించలేదనీ, తాను రెండూ చేయిస్తున్నాననీ చెప్పుకున్నాడు. వినడం ఒకటీ, చూడటం ఒకటీ అని అతడి వాదన. ఆ కోడిని గీసినవాడు మన్సూర్. జహంగీరు అతడికి 'నాదిర్-ఉల్-అస్ర్' అనే బిరుదు ఇచ్చాడు. 1621లో అదే మన్సూర్ గీసిన జీబ్రా చిత్రం ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆ చారలు ఎవరో రంగు పూసి పెట్టినవేమోనని ఆస్థానంలో అనుమానించి పరీక్షించారట. అనుమానించి, పరీక్షించి, ఆ తరవాత గీయించడం! వైద్యవిద్యార్థులకు చెప్పదగ్గ వరస.

అయితే జీబ్రా, టర్కీ కోడీ వింతలు, పెంపుడు జంతువులు కావు. జహంగీరుకు నిజంగా ప్రియమైనది మన్‌సరాజ్ అనే జింక. అది చనిపోతే లాహోరుకు దగ్గరలో, ఇప్పుడు షేఖుపురా అనే చోట, సమాధి కట్టించి, జింక ఆకారంలో రాయి నిలిపి, దాని మీద లేఖనం చెక్కించాడు. ఆ మైదానంలో జింకలను ఎవరూ వేటాడకూడదని ఉత్తరువిచ్చాడు. హిరన్ మినార్ పేరుతో అక్కడి స్తంభం ఇంకా ఉంది. జీవితమంతా వేటాడిన మనిషి ఒక్క జింక కోసం ఒక మైదానాన్ని విడిచిపెట్టాడు. దక్కనులో అతడి సమకాలికుడు, బిజాపూరు సుల్తాను రెండవ ఇబ్రహీం ఆదిల్ షా సంగతీ ఇటువంటిదే. అతడు తన ఏనుగు ఆతిష్ ఖాన్‌ను కితాబ్-ఎ-నౌరస్ గీతాలలో స్తుతించాడు, చిత్రాలలోనూ గీయించాడు.

ఇక్కడి నుంచి ఇంగ్లండుకు వెళ్ళాలి. ఎందుకంటే ఒక జంతువు చిత్తరువును ఒక చిత్రకారుడికి పురమాయించి, ధర మాట్లాడుకుని, ఇంట్లో గోడకు తగిలించుకునే అలవాటు వృత్తిగా స్థిరపడింది 18వ శతాబ్దపు ఇంగ్లండులో. ఆ వృత్తికి పెద్దదిక్కు జార్జ్ స్టబ్స్. 1724లో లివర్‌పూల్‌లో, తోళ్ళకు మెరుగుపెట్టే వ్యాపారి ఇంట పుట్టాడు. యార్క్‌లో వైద్యవిద్యార్థులకు శరీరనిర్మాణశాస్త్రం చెప్పాడు. డాక్టరు జాన్ బర్టన్ 1751లో ప్రచురించిన ప్రసూతిశాస్త్ర గ్రంథానికి బొమ్మలు చెక్కాడు. తరవాత లింకన్‌షైర్‌లోని హార్క్‌స్టో అనే పల్లెలో ఒక ఇంట్లో దాదాపు 18 నెలలు ఉండి, గుర్రాల కళేబరాలను పైకప్పు నుంచి కొక్కాలతో వేలాడదీసి, పొర తరవాత పొర ఒలుస్తూ బొమ్మలు గీశాడు. ఆ వాసనను ఊహించుకోవడానికి డిసెక్షన్ హాల్లో మొదటి వారం గడిపినవాళ్ళకు కష్టం కాదు. ఫలితంగా 1766లో అచ్చయిన 'గుర్రపు శరీరనిర్మాణం' పుస్తకం అతడి పేరు నిలబెట్టింది. రాకింగ్‌హామ్ ప్రభువు కోసం అతడు వేసిన విజిల్‌జాకెట్ అనే గుర్రం చిత్తరువు ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఎత్తు దాదాపు మూడు మీటర్లు. నేపథ్యంలో చెట్టూ లేదు, ఆకాశమూ లేదు, రౌతూ లేడు. తన బొమ్మను చూసి ఆ గుర్రం మరో గుర్రమనుకుని మీదికి ఉరికిందని ఒక కథ ఉంది. చిత్రకారులందరి గురించీ చెప్పే కథే కనక దాన్ని నమ్మనక్కరలేదు.

నాకు స్టబ్స్ కంటే అతడికి పని పురమాయించిన ఒక వైద్యుడు ఆసక్తికరంగా తోచాడు. విలియం హంటర్ రాణి షార్లెట్‌కు ప్రసూతి వైద్యుడు. రాణిగారికి ఇండియా నుంచి కానుకగా వచ్చిన మనుబోతులను, అంటే నీల్‌గాయ్‌లను, పరిశీలించే అవకాశం ఆయనకు దొరికింది. యూరప్‌లో దాన్ని సరిగ్గా వర్ణించినవారు అప్పటికి లేరు. హంటర్ స్టబ్స్ చేత 1769లో దాని చిత్తరువు వేయించి, 1771లో రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం రాశాడు. కొత్త జంతువును ఎన్ని మాటలతో చెప్పినా మంచి బొమ్మకు సాటి రాదని ఆయన అభిప్రాయం. 1770లో రిచ్‌మండ్ ప్రభువు దగ్గరున్న కెనడా మూస్‌ను కూడా స్టబ్స్ చేతనే గీయించాడు. 1773లో మరో మూస్ వస్తే, ఈ పటాన్ని తీసుకువెళ్ళి దాని పక్కన పెట్టి పోల్చి చూశాడు. బొమ్మ ఆయనకు అలంకారం కాదు, సాక్ష్యం.

ఈ హంటర్ పేరు వైద్యులకు మరో కారణం వల్ల తెలుసు. గర్భాశయం మీద ఆయన 1774లో ప్రచురించిన బొమ్మల గ్రంథం ప్రసూతిశాస్త్రంలో ఒక మైలురాయి. దాని ముందుమాటలో ఆయన శరీరనిర్మాణ చిత్రాలు రెండు రకాలంటాడు. ఎదురుగా ఉన్న ఒకే ఒక్క వస్తువును ఉన్నదున్నట్టు చూపేది ఒకటి. ఎన్నో వస్తువులను చూసి, చిత్రకారుడి మనసులో కూర్చి, ఒకటిగా చేసి చూపేది రెండోది. మొదటిదాన్ని ఆయన చిత్తరువు అనే అన్నాడు. రెండూ అవసరమే గాని, తన ఎంపిక మొదటిదే. మేం గుంటూరులో ఎం.బి.బి.ఎస్. చదివేటప్పుడు గ్రేస్ అనాటమీలో చూసినవి చాలావరకు రెండో రకం. ఆ బొమ్మల్లో ఉన్న ధమని ఏ మనిషిలోనూ సరిగ్గా అలా ఉండదు. టేబుల్ మీది శవంలో వెతికితే కనబడదు. ఆ తికమకలోంచి బయటపడటానికే మొదటి సంవత్సరమంతా సరిపోయింది.

ఈ ముందుమాట చదివాక మా అమ్మాయి మాట అర్థమైంది. మొదటి దుకాణంవాళ్ళు పంపింది రెండో రకం బొమ్మ. ఆ చిత్రకారుడు వందలాది బీగిళ్ళను గీసి ఉంటాడు. అతడి చేతికి బీగిల్ వచ్చు, కాబట్టి నా ఫోటోలో స్పష్టంగా లేని చోటల్లా ఆ వచ్చిన బీగిల్‌తో నింపాడు. నేను పంపిన ఫోటోలో లేని బుజ్జిని అతడు ఎక్కడి నుంచి తెస్తాడు?

హంటర్‌ను పొగిడి ఊరుకోవడం న్యాయం కాదు. మనుబోతును అంత శ్రద్ధగా గీయించిన మనిషి గర్భాశయ గ్రంథంలో చిత్తరువులుగా నిలిచినవాళ్ళు గర్భంతో చనిపోయిన స్త్రీలు. ఉన్నదున్నట్టు గీయబడిన ఆ శరీరాలకు ఆ పుస్తకంలో పేర్లు లేవు. స్టబ్స్ దగ్గరా ఇటువంటిదొకటి ఉంది. మద్రాసు గవర్నరుగా పనిచేసి వెళ్ళిన జార్జ్ పిగట్ మూడవ జార్జి రాజుకు ఒక చిరుతను, వేటాడే జాతి చీటాను, కానుకగా ఇచ్చాడు. 1764లో విండ్సర్ పార్కులో దాన్ని దుప్పి మీదికి వదిలి వేడుక చూశారు. పిగట్ కోసం స్టబ్స్ వేసిన ఆ చిత్రం మాంచెస్టర్ గ్యాలరీలో ఉంది. చీటాతో పాటు ఇద్దరు భారతీయ పరిచారకులున్నారు. వాళ్ళ ముఖాలు ఎవరి ముఖం వాళ్ళదే. ఎక్కడైనా కలిస్తే గుర్తుపట్టవచ్చు. పటం పేరులో వాళ్ళు 'ఇద్దరు భారతీయ పరిచారకులు' మాత్రమే. కాళికి పేరుంది, పోలిక లేదు. వీళ్ళకు పోలిక ఉంది, పటం మీద పేరు లేదు.

విక్టోరియా రాణి కాలానికి పెంపుడు జంతువు బొమ్మ పుట్టినరోజు కానుకల్లోకి వచ్చేసింది. ఆమె ఇంకా రాణి కాక ముందు, 1836లో, తల్లి ఆమె కుక్క డాష్ చిత్తరువును ఎడ్విన్ లాండ్‌సియర్ చేత వేయించి ఇచ్చింది. విక్టోరియా తన వంతుగా 1841 క్రిస్మస్‌కు భర్త ఆల్బర్ట్ కోసం ఆయన కుక్క ఇయోస్‌ను అదే చిత్రకారుడి చేత గీయించింది. అందులో ఆల్బర్ట్ ఎక్కడా కనబడడు. ఆయన టోపీ, చేతితొడుగులు, చేతికర్ర ఉన్నాయి, వాటి పక్కన కుక్క నిలబడి ఉంది. లాండ్‌సియర్ తరవాత్తరవాత కుక్కల ముఖాలకు మనుషుల భావాలు అతికించాడని విమర్శకులు అన్నారు. కొన్ని పటాల విషయంలో నేనూ ఒప్పుకుంటాను. ఇయోస్ విషయంలో ఒప్పుకోను.

ఆ సంప్రదాయానికి కొనసాగింపు మన్‌హాటన్‌లో ఉంది. పార్క్ అవెన్యూలోని కుక్కల మ్యూజియాన్ని మొన్న చూసి వచ్చాను. మాడ్ ఎర్ల్ అనే ఆవిడకు చిత్రకారుడైన తండ్రి చిన్నప్పుడే జంతువుల అస్థిపంజరాలు గీయించి విద్య నేర్పాడు. ఏడవ ఎడ్వర్డ్ 1910లో చనిపోతే ఆయన కుక్క సీజర్ శవయాత్రలో నడిచింది. యజమాని లేని కుర్చీ దగ్గర నిలిచిన సీజర్‌ను ఆవిడ ఆ ఏడే చిత్రించింది. 1916లో న్యూయార్కుకు వలస వచ్చి ఇక్కడే స్థిరపడింది. పరాయి దేశంలో చేతివిద్యతో బతుకు మళ్ళీ మొదలుపెట్టిన మనిషి అని తెలిశాక ఆవిడ పటాల ముందు ఇంకాస్త ఎక్కువసేపు నిలబడ్డాను.

ఇంత చదివాక, నేను పుట్టినప్పటి నుంచీ ఒక పెంపుడు కుక్క చిత్తరువును చూస్తూనే ఉన్నానని ఆలస్యంగా తట్టింది. మా తాతగారింట్లో గ్రామఫోను ఉండేది. పెళ్ళిళ్ళకూ పండగలకూ పెట్టే రికార్డుల మీద, బాకా ముందు తల వంచి కూర్చున్న కుక్క. 'కుక్క బొమ్మ ప్లేటు' అనేవాళ్ళం. తెలుగు దేశంలో అంతగా ఇంటింటికీ వెళ్ళిన కుక్క మరొకటి లేదు. దానికో పేరుంటుందని ఎవరికీ తోచలేదు.

పేరుంది. నిప్పర్. 1884లో బ్రిస్టల్‌లో పుట్టింది. ఇంటికి వచ్చినవాళ్ళ కాళ్ళు వెనకనుంచి కరవబోయేది గనక ఆ పేరు. యజమాని మార్క్ బరోడ్ 1887లో చనిపోతే తమ్ముడు ఫ్రాన్సిస్ బరోడ్ దగ్గరికి చేరింది. ఫ్రాన్సిస్ చిత్రకారుడు. నిప్పర్ 1895లో చనిపోయింది. ఆ తరవాత మూడేళ్ళకు, 1898లో, ఫొనోగ్రాఫు ముందు కూర్చుని వింటున్న నిప్పర్‌ను ఆయన గీశాడు. ఎవరూ పురమాయించలేదు. కుక్క ఎదుట లేదు. ఎడిసన్-బెల్ కంపెనీకి ఆ పటం అమ్మబోతే వాళ్ళు వద్దన్నారు. గ్రామఫోన్ కంపెనీవాళ్ళు కొంటామన్నారు గాని, ఫొనోగ్రాఫు మీద తమ గ్రామఫోను గీసి ఇమ్మన్నారు. 1899లో ఆయన అలాగే మార్చి ఇచ్చాడు. పటానికి 50 పౌండ్లు, హక్కులకు 50 పౌండ్లు. అసలు పటాన్ని వెలుగుకు ఒక కోణంలో పెట్టి చూస్తే, రంగు కింద పాత యంత్రం ఆనవాలు ఇప్పటికీ కనిపిస్తుందంటారు.

తరవాతి భాగం నాకు కష్టం కలిగించింది. కంపెనీ ఆయన చేత ఆ పటానికి నకళ్ళు వేయించింది. 1913 నుంచి 1924లో చనిపోయే దాకా బరోడ్ 24 నకళ్ళు గీశాడు. అప్పటికే ఎన్నడో పోయిన తన ఇంటి కుక్కను, ఒకే భంగిమలో, ఇరవై నాలుగుసార్లు. మొదటి పటంలో జ్ఞాపకంతో నడిచిన చెయ్యి ఎన్నో నకలు దగ్గర అలవాటుతో నడవడం మొదలుపెట్టిందో ఆయన ఒక్కడికే తెలియాలి. డమ్ డమ్ కర్మాగారంలో అచ్చయి మా తాతగారింటికి చేరేసరికి ఆ కుక్క ఒక ముద్ర. కాళ్ళు కరిచే నిప్పర్ కాదు.

బుజ్జి బొమ్మ దగ్గరికి వస్తాను. చిత్రకారిణి ప్రశ్నలను నేను మా అమ్మాయికి పంపాను. ఆమె అన్నిటికీ పది నిమిషాల్లో జవాబులు రాసింది. ఎడమ చెవి. కళ్ళ కింది నలుపు ఆరో ఏట వచ్చింది. తల కుడికి వంచేది. ఒక ఫోటో కూడా పంపింది. హైస్కూలు రోజుల్లో హాల్లో నేల మీద బోర్లా పడుకుని, బుజ్జి కళ్ళ ఎత్తులో తీసినది. అందులో బుజ్జి కెమెరా వైపు చూడటం లేదు. కాస్త పక్కకు, ఎడమ చెవి కొంచెం లేచి, దేన్నో వింటోంది. "ఇది దేన్ని చూస్తోంది? చూపు ఎటో తెలిస్తే కనుపాప గీయడం తేలిక" అని చిత్రకారిణి అడిగింది. నేను అమ్మాయిని అడిగాను. "గరాజు తలుపు, నాన్నా. నువ్వు క్లినిక్ నుంచి వచ్చే వేళ" అంది.

ఆ ఫోటో నుంచే గీశారు. ఐదు వారాలు పట్టింది. మధ్యలో పంపిన చిత్తులో మూతి కాస్త పొడుగైతే అమ్మాయే పట్టుకుని దిద్దించింది. నా కంటికి అది తెలియలేదు. చివరికి, కింద పేరు రాయాలా అని ఆవిడ అడిగింది. కాళి గుర్తొచ్చి, రాయమన్నాను, తెలుగులో. తెలుగు లిపి ఆవిడ ఎన్నడూ చూడలేదు. కాగితం మీద పెద్దగా రాసి ఫోటో తీసి పంపాను. ఆవిడ దాన్నీ ఒక బొమ్మలాగే చూసి గీసింది. జకారం కింది వత్తు మాత్రం అక్షరానికి అంటకుండా, కామాలాగా పక్కకు జరిగిపోయింది. మళ్ళీ రాసి పంపాను.